పుట్టుకతోనే దొంగలంటూ ముద్ర.. దానిపై పోరాడిన నెల్లూరు లాయర్ వెన్నెలకంటి రాఘవయ్య కథ ఇదీ

ఏ తప్పూ చేయలేదు. ఏ కేసూ లేదు. అయినా దొంగే. ఎందుకంటే ఫలానా కులంలో పుట్టాడు కాబట్టి. వినడానికి పాత సినిమా సీన్‌లా ఉన్నా, ఒకప్పుడు మన దేశంలో ఇది చట్టం. నెల్లూరు తీరంలో ఆ చట్టం దెబ్బ గట్టిగా తిన్నవాళ్లు యానాదులు. వాళ్ల కోసం దశాబ్దాల పాటు నిలబడిన మనిషి వెన్నెలకంటి రాఘవయ్య. ఈ పేరు ఇవాళ నెల్లూరులోనే చాలామంది కుర్రాళ్లకు తెలియకపోవచ్చు.

రాఘవయ్య 1897లో నెల్లూరు జిల్లాలో పుట్టారు. వృత్తి లాయర్. స్వాతంత్ర్య పోరాటంలో దిగిన కాంగ్రెస్ మనిషి. ఆయన యానాది కాదు. కోర్టు పని, కాంగ్రెస్ పని చూసుకుంటూ పోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కానీ ఆయన చూపు ఊరి బయట గుడిసెల మీద పడింది.

ఇంతకీ ఎవరీ యానాదులు? పులికాట్ సరస్సు, శ్రీహరికోట అడవులు, బకింగ్‌హామ్ కాలువ గట్లు, పెన్నా డెల్టా పొలాలు.. ఇవీ వాళ్ల ఊళ్లు. చేపలు, పీతలు పట్టడం, పొలాల్లో ఎలుకలు పట్టడం, తేనె, మూలికలు సేకరించడం వాళ్ల బతుకు. పాము కాటుకు మందు కావాలంటే ఊళ్లో వాళ్లు కూడా యానాది గుడిసెకే పరిగెత్తేవారు. వాళ్లలో రెడ్డి యానాదులు, చల్లా యానాదులు, అడవి యానాదులు అంటూ తేడాలు చెప్పేవారు. రెడ్ల ఇళ్లలో పని చేస్తే రెడ్డి యానాది, ఊళ్లో మిగిలిన అన్నం అడుక్కుంటే చల్లా యానాది. పేరు కూడా పక్కవాడిని బట్టే వచ్చిందన్నమాట.

ఇక్కడే అసలు విచిత్రం ఉంది. రైతులు పంటకు, కళ్లానికి, ఇంటికి రాత్రి కాపలా పెట్టుకున్నది ఎవరినో తెలుసా? యానాదులనే. ధాన్యం రాశులు ఎవరి చేతిలో పెట్టి నిద్రపోయారో, ఊళ్లో ఏదైనా పోతే మొదట అనుమానించిందీ వాళ్లనే!

ఆ అనుమానానికి ప్రభుత్వం స్టాంపు వేసింది. 1871లో బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చారు. మొదట ఉత్తర భారతంలో అమలు చేసి, 1911లో కొత్త చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ తీసుకొచ్చారు. ఒక కులాన్ని నేరస్థుల జాబితాలో చేర్చాలంటే గెజిట్‌లో ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు. అది తప్పని కోర్టుకెళ్లే దారి కూడా లేదు. చట్టంలోనే ఆ తలుపు మూసేశారు.

ఆ తర్వాత ఏం జరుగుతుందంటే.. పేరు రిజిస్టర్‌లో ఎక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు. చెప్పిన టైముకి వెళ్లి పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి. ఊరు మారితే చెప్పాలి, బయటికి వెళ్లాలంటే పాస్ ఉండాలి. చేపల కోసం పక్క వాగుకు వెళ్లడం కూడా నేరమైపోయే పరిస్థితి. చట్టంలో రాసిపెట్టిన నేరాల్లో రెండోసారి దొరికితే మామూలుగా ఏడేళ్లకు తగ్గకుండా జైలు, మూడోసారైతే జీవితాంతం ద్వీపాంతరం. కొన్ని కులాలను ఏకంగా సెటిల్‌మెంట్లలో పెట్టారు. కావలిలో ఎరుకల వాళ్ల కోసం అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్‌మెంట్, బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ పెట్టిన స్టూవర్టుపురం అలాంటివే.

లాయర్ కాబట్టి రాఘవయ్యకు ఈ చట్టం ఎక్కడ కోస్తుందో బాగా తెలుసు. దొంగతనం చేసిన వాడిని శిక్షించడానికి మామూలు చట్టం ఉంది కదా, మొత్తం కులాన్ని ఎందుకు కట్టేయాలి అన్నదే ఆయన వాదన. యానాదులను సంఘంగా కూడగట్టారు. వాళ్ల పేరు ఆ జాబితా నుంచి తీసేయాలని గట్టిగా పట్టుబట్టారు. 1936లో నెల్లూరు వచ్చిన నెహ్రూ కూడా ఈ చట్టాన్ని తీవ్రంగా తప్పుపట్టారు.

చివరికి 1947లో మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకి! అందుకే సంచార, విముక్త జాతులు ఇప్పటికీ ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటాయి. కానీ కాగితం మీద మాట మారినంత ఈజీగా జనం మనసులో మాట మారలేదు. నిన్నటిదాకా నేరస్థ జాతి, ఇవాళ్టి నుంచి మాజీ నేరస్థ జాతి. తోక అలాగే ఉండిపోయింది. దీనికి తోడు అలవాటు నేరస్థుల చట్టం అంటూ ఇంకోటి వచ్చింది. ఇందులో కులం పేరు లేదు, మనిషి రికార్డు చూస్తారు. అయితే పాత అనుమానం ఉన్నచోట రికార్డు తయారవ్వడం ఎంతసేపు?

రాఘవయ్య ఈ విషయం ముందే పసిగట్టారేమో, చట్టం పోయాక కూడా ఆగలేదు. ఠక్కర్ బాపా ప్రారంభించిన భారతీయ ఆదిమజాతి సేవక్ సంఘంలో పనిచేశారు. నెల్లూరు కేంద్రంగా ఆంధ్ర రాష్ట్ర ఆదిమజాతి సేవక సంఘాన్ని నడిపించారు. ఇంకో పని కూడా చేశారు, బహుశా ఎక్కువ కాలం నిలిచేది అదే. యానాదుల గురించి అప్పటిదాకా రాసింది ఎక్కువగా తెల్లదొరల ఆఫీసర్లు. రాఘవయ్య 1962లో ద యానాదీస్ పేరుతో పుస్తకం తెచ్చారు. వాళ్ల బతుకు, నమ్మకాలు, పాటలు, కష్టాలు దగ్గరగా చూసిన మనిషి రాసిన పుస్తకం అది. 1968లో సంచార జాతులపై నోమాడ్స్ వచ్చింది. 1971లో గిరిజన తిరుగుబాట్లపై ట్రైబల్ రివోల్ట్స్.

అదే 1971లో శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. ఆ దీవి అడవుల్లో తరతరాలుగా ఉన్న యానాది కుటుంబాలు కేంద్రం కోసం చోటు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇవాళ మనం ఫోన్‌లో లాంచ్ లైవ్ చూసే నేల అదే.

1973లో కేంద్రం రాఘవయ్యకు పద్మభూషణ్ ఇచ్చింది. 1981లో ఆయన కన్నుమూశారు. ఆయన పోయిన పదేళ్లకు, 1991లో, స్టూవర్టుపురం పేరుతో తెలుగులో ఒకే ఏడాది రెండు సినిమాలొచ్చాయి. ఒకటి స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్, ఇంకోటి స్టూవర్టుపురం దొంగలు. రెండూ దొంగల చుట్టూ తిరిగిన కథలే.