పసిపిల్లల బడికి ఆరోగ్యం నేర్పిన మార్గరెట్ మెక్‌మిలన్

పిల్లలూ! మన విద్యాలయంలో డాక్టరు గారు వచ్చి మీ ఎత్తు, బరువు, కళ్ళు, పళ్ళు, చెవులు చూసి కార్డులో రాసి వెళ్ళడం మీకందరికీ తెలుసు. ఆ రోజు లెక్కల పీరియడు పోయిందని మీరు సంతోషిస్తారు. సూది వేస్తారేమోనని చిన్న తరగతుల వాళ్ళు కొంచెం భయపడతారు. బడిలో డాక్టరేమిటని మాత్రం ఎవరూ అడగరు. అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతేనని అనుకుంటాం.

నిజానికి ఇది అంత పాతదేమీ కాదు. నూట ముప్ఫై ఏళ్ళ క్రితం బడి అంటే అక్షరాలు, అంకెలు, బెత్తం, అంతే. పిల్లవాడికి ఆకలి వేసినా, చెవిలో చీము కారినా, తలలో పేలు పట్టినా అది ఇంటివాళ్ళ సంగతి, బడికి సంబంధం లేదనుకునేవారు. అది బడి సంగతి కూడా అని పట్టుబట్టిన కొద్దిమందిలో ఒకరు మార్గరెట్ మెక్‌మిలన్. పసిపిల్లలను చూసుకునే వారికి ఆరోగ్యం గురించి శిక్షణ ఉండి తీరాలని చెప్పి, ఆ శిక్షణ కోసం కళాశాల కట్టించిన మనిషి ఆమె. ఈ సంచికలో ఆమె కథ తెలుసుకుందాం.

మార్గరెట్ 1860 జూలై 20న అమెరికాలో, న్యూయార్క్ దగ్గరి వెస్ట్‌చెస్టర్‌లో పుట్టింది. తల్లిదండ్రులు స్కాట్లాండు నుంచి వలస వెళ్ళినవాళ్ళు. అక్క పేరు రేచెల్, ఏడాది పెద్దది. 1865లో ఆ ఇంటిమీద పిడుగు పడ్డట్టయింది. తండ్రి, చిన్న చెల్లెలు ఎలిజబెత్ ఇద్దరూ చనిపోయారు. మార్గరెట్‌కు కూడా స్కార్లెట్ జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ చెవులు వినబడకుండా పోయాయి. తల్లి ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని సముద్రం దాటి స్కాట్లాండులోని ఇన్వర్నెస్‌కు, తన పుట్టింటికి చేరింది.

అయిదేళ్ళ పిల్ల. నాన్న లేడు. ఊరు మారింది, బడి మారింది. పైగా ఎవరేం మాట్లాడుతున్నారో వినబడదు. ఊరు మారడం అంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్త తరగతిలో మొదటి వారం ఎలా ఉంటుందో మీకు తెలుసు, బదిలీల మీద తిరిగే మాకూ తెలుసు. మార్గరెట్ సుమారు తొమ్మిదేళ్ళు అలా వినికిడి లేకుండానే గడిపింది. పద్నాలుగో ఏట మళ్ళీ వినబడసాగింది. ఒంట్లో బాగాలేని పిల్ల తరగతిలో ఎలా ఒంటరి అవుతుందో ఆమె పుస్తకాలు చదివి తెలుసుకోలేదు, అనుభవించింది.

1877లో తల్లి కూడా పోయింది. జబ్బుపడిన అమ్మమ్మను చూసుకుంటూ రేచెల్ ఇంటి దగ్గరే ఉండిపోయింది. మార్గరెట్ పిల్లలకు ఇంట్లో చదువు చెప్పే పనికి తయారై ఊరు వదిలింది. 1888లో అక్కాచెల్లెళ్ళిద్దరూ లండన్‌లో మళ్ళీ కలుసుకున్నారు. అక్కడ పని చేసుకుని బతికే పేద ఆడపిల్లల జీవితం దగ్గరగా చూశారు. 1889లో లండన్ ఓడరేవు కూలీలు సమ్మె చేసినప్పుడు వాళ్ళ పక్షాన నిలిచారు. అప్పటినుంచి వాళ్ళ దారి తేలిపోయింది.

1893లో ఇద్దరూ ఉత్తర ఇంగ్లండులోని బ్రాడ్‌ఫోర్డ్ వెళ్ళారు. అది ఉన్ని మిల్లుల ఊరు. ఆకాశమంతా పొగ. అక్కడ సగంపూట చదువు అనే పద్ధతి ఉండేది. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలు సగం రోజు మిల్లులో పనిచేసి, మిగతా సగం రోజు బడికి వచ్చేవాళ్ళు. తెల్లవారకముందే లేచి యంత్రాల దగ్గర నిలబడిన పిల్లవాడు మధ్యాహ్నం బల్లమీద తల పెట్టి నిద్రపోక ఏం చేస్తాడు? వాణ్ణి సోమరి అనేవారు.

మరుసటి ఏడాది, 1894లో, మార్గరెట్ బ్రాడ్‌ఫోర్డ్ స్కూల్ బోర్డుకు ఎన్నికయ్యారు. అప్పటికి బ్రిటన్‌లో పార్లమెంటు ఎన్నికల్లో ఆడవాళ్ళకు ఓటు లేదు. స్కూల్ బోర్డులకు మాత్రం పోటీ చేయవచ్చు. ఆ చిన్న తలుపులోంచే ఆమె లోపలికి వెళ్ళారు. బోర్డు వైద్యుడు జేమ్స్ కెర్‌తో కలిసి బడి పిల్లలకు వైద్య పరీక్షలు చేయించారు. ఆ దేశంలో ప్రాథమిక బడి పిల్లలను అలా పరీక్షించడం దాదాపు అదే మొదలు. చూస్తే ఏముంది? పుచ్చిన పళ్ళు, చీముపట్టిన చెవులు, తామర, పేలు, సరైన తిండి లేక వంగిపోయిన కాళ్ళు. చలికి తట్టుకోవడానికి వేసిన బట్టలు నెలల తరబడి విప్పని పిల్లలు కూడా కనిపించారు.

వాళ్ళ ఇళ్ళలో స్నానాల గదులు లేవు, వేడి నీళ్ళు లేవు. అందుకని బడిలోనే స్నానాల గది ఉండాలని మార్గరెట్ వాదించారు. పన్నుల డబ్బు తీసి పిల్లలకు స్నానం చేయించడమేమిటని కొందరు అభ్యంతరం చెప్పారు. ఆమె వెనక్కి తగ్గలేదు. 1897లో బ్రాడ్‌ఫోర్డ్‌లోని వాపింగ్ రోడ్ బడిలో స్నానాల గదులు, ఈత కొలను తెరిచారు. బ్రిటన్ బడుల్లో అలాంటివి అవే మొదటివని చెబుతారు.

ఈ కాలంలో అక్క రేచెల్ ఏం చేస్తున్నారు? ఆమె పారిశుధ్య పరిశీలకురాలిగా శిక్షణ పొంది, కెంట్ ప్రాంతంలో ఊరూరా తిరుగుతూ ఆరోగ్యపు అలవాట్ల గురించి పాఠాలు చెప్పేవారు. చెల్లెలు ఉపన్యాసాలతో, రాతలతో పోరాడితే, అక్క ఊళ్ళు తిరిగి నేర్పించేది. అక్క ఉద్యోగం చేసి సంపాదించిన డబ్బు కూడా చెల్లెలి పనికి ఆసరా అయింది. పేరు ఎక్కువగా మార్గరెట్‌కే వచ్చింది. ఆ పేరులో సగం రేచెల్‌ది.

1902లో కొత్త చట్టం వచ్చి స్కూల్ బోర్డులను రద్దు చేశారు. వాటి స్థానంలో వచ్చిన నగర సభలకు ఎన్నికయ్యే హక్కు అప్పట్లో ఆడవాళ్ళకు లేదు. ఎనిమిదేళ్ళు కష్టపడి సంపాదించిన స్థానం ఒక్కసారిగా పోయింది. మార్గరెట్ అక్క దగ్గరకు దక్షిణానికి వచ్చేశారు. పదవి లేకపోయినా పని ఆపలేదు.

దేశంలో గాలి కూడా మారుతోంది. 1899 నుంచి 1902 వరకు దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధానికి సైనికులను చేర్చుకోబోతే, వచ్చిన యువకుల్లో చాలామంది శరీరం తగినంత బలంగా లేదని తేలింది. చిన్నప్పుడు తిండి, వైద్యం లేని పిల్లలే బలహీనులైన పెద్దలయ్యారని ప్రభుత్వానికి అప్పుడు అర్థమైంది. 1906లో బడిలో భోజనం పెట్టడానికి అనుమతించే చట్టం వచ్చింది. 1907లో బడి పిల్లలకు వైద్య పరీక్షలు తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. ఈ రెండింటి కోసం గొంతెత్తిన వారిలో మార్గరెట్ ముందువరుసలో ఉన్నారు.

అయితే పరీక్ష చేసి జబ్బు పేరు కార్డులో రాస్తే సరిపోతుందా? మందు ఎవరిస్తారు? 1908లో లండన్‌లోని బో అనే చోట అక్కాచెల్లెళ్ళు పిల్లల వైద్యశాల తెరిచారు. జోసెఫ్ ఫెల్స్ అనే అమెరికా సబ్బుల వ్యాపారి డబ్బు సాయం చేశాడు. 1910లో ఆ వైద్యశాలను డెట్‌ఫోర్డ్‌కు తెచ్చారు. థేమ్స్ నది ఒడ్డున ఇరుకు సందులతో నిండిన పేదల పేట అది. అక్కడ పళ్ళు, కళ్ళు, చెవులు, చర్మం అన్నిటికీ చికిత్స చేసేవారు.

ఇక్కడే మార్గరెట్ ఒక ముఖ్యమైన సంగతి గమనించారు. నయమై ఇంటికి వెళ్ళిన పిల్లలే కొన్ని వారాలకు అదే జబ్బుతో మళ్ళీ వస్తున్నారు. ఇంట్లో గాలి లేదు, ఎండ లేదు, నీళ్ళు లేవు. జబ్బు వచ్చాక మందివ్వడం కంటే జబ్బు రాకుండా పెంచడం మేలని ఆమెకు స్పష్టమైంది. 1911లో డెట్‌ఫోర్డ్‌లో రాత్రి శిబిరం మొదలుపెట్టారు. పేట పిల్లలు సాయంత్రం వచ్చి, వేడినీళ్ళతో ఒళ్ళు కడుక్కుని, ఆరుబయట మంచాలమీద పడుకుని, పొద్దున్నే తిని బడికి వెళ్ళేవారు.

1914లో ఇంకా చిన్నపిల్లల కోసం ఆరుబయటి శిశుబడి వెలిసింది. అదొక తోట. ఒక పక్క తెరిచి ఉండే పందిళ్ళు, పూలమొక్కలు, కూరమొక్కలు, ఇసుక కుప్ప, స్నానాల తొట్లు. పిల్లలు పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉండేవారు. స్నానం, కడుపునిండా భోజనం, ఆట, మధ్యాహ్నం నిద్ర, మాటలు, పాటలు అన్నీ అక్కడే. తినడం, నిద్రపోవడం కూడా చదువులో భాగమేనని ఆ బడి చూపించింది. ఆ ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయుధ కర్మాగారాలకు పనికి వెళ్ళే తల్లులకు ఆ తోట పెద్ద ఆసరా అయింది.

యుద్ధం మధ్యలోనే మార్గరెట్‌కు తీరని దెబ్బ తగిలింది. 1917 మార్చి 25న, సరిగ్గా తన యాభై ఎనిమిదో పుట్టినరోజున, రేచెల్ కన్నుమూశారు. తండ్రి పోయినప్పుడూ, చెవులు పోయినప్పుడూ, పదవి పోయినప్పుడూ పక్కన ఉన్న అక్క ఇక లేదు. మార్గరెట్ ఆ శిశుబడికి రేచెల్ మెక్‌మిలన్ పేరు పెట్టి, పని కొనసాగించారు.

ఇక ఆమె చివరి పోరాటం గురించి చెప్పాలి. టీచర్లమైన మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకున్నది ఇదే. పసిపిల్లలను చూసుకోవడానికి చదువెందుకు, కాస్త ఓపిక ఉన్న అమ్మాయి చాలు అని అప్పట్లో అందరూ అనుకునేవారు. మార్గరెట్ దానికి సరిగ్గా ఎదురు చెప్పారు. పిల్ల ఎంత చిన్నదైతే ఆమెను చూసుకునే మనిషికి అంత ఎక్కువ శిక్షణ కావాలన్నది ఆమె వాదన. ఎందుకంటే పెద్ద పిల్లలు తమకు నొప్పిగా ఉందని చెప్పగలరు, మూడేళ్ళ పిల్ల చెప్పలేదు. చూసే కళ్ళకే అది తెలియాలి. అందుకే శిశుబడి టీచర్లకు మూడేళ్ళ శిక్షణ కావాలని కోరారు. ఆమె దగ్గర నేర్చుకునే అమ్మాయిలు తరగతి పాఠాలతో సరిపెట్టుకునేవారు కాదు. పిల్లలకు స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పెరుగుదలను గమనించడం, పేటలోని ఇళ్ళకు వెళ్ళి తల్లులతో మాట్లాడటం, అన్నీ నేర్చుకోవాలి.

1918లో వచ్చిన విద్యా చట్టం శిశుబడులకు డబ్బు ఇవ్వవచ్చని చెప్పింది. కొద్ది ఏళ్ళకే ప్రభుత్వం ఖర్చులు తగ్గించడంతో ఆ ఆశ చాలావరకు నీరుగారిపోయింది. 1923లో ఏర్పడిన శిశుబడుల సంఘానికి మార్గరెట్ మొదటి అధ్యక్షురాలయ్యారు. విరాళాల కోసం తిరిగారు, పుస్తకాలు రాశారు. చివరికి 1930 మే 8న డెట్‌ఫోర్డ్‌లో రేచెల్ మెక్‌మిలన్ శిక్షణ కళాశాలను క్వీన్ మేరీ ప్రారంభించారు. తన పేరు కాదు, అక్క పేరే పెట్టారు. ఆ తర్వాత ఏడాది కూడా నిండకుండా, 1931 మార్చిలో, మార్గరెట్ మరణించారు. డెట్‌ఫోర్డ్‌లో ఆ శిశుబడి ఇంకా నడుస్తూనే ఉంది.

మన దేశంలోనూ ఇలాంటి ఆలోచన చేసినవారు ఉన్నారు. 1920లో, తెలుగు కుటుంబానికి చెందిన పిట్టి త్యాగరాయ చెట్టి మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడి పిల్లలకు టిఫిను పెట్టాలని తీర్మానించారు. ఖర్చు పిల్లవాడికి రోజుకు ఒక అణా మించకూడదని నిర్ణయించారు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం అంగన్‌వాడీలలో తిండి, టీకాలు, ఆటపాటలు ఒకే చోటికి తెచ్చింది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ఒక్కో బడి నుంచి ఇద్దరు టీచర్లు ఆరోగ్యం గురించి శిక్షణ తీసుకోవాలి. మొత్తానికి, పిల్లల ఒళ్ళు గమనించడం టీచరు పనిలో భాగమేనని మన దేశమూ ఒప్పుకుంది.

బదిలీల మీద తిరిగే పిల్లలున్న మనలాంటి బడులకు ఇది ఇంకా ముఖ్యం. కొత్తగా చేరిన పిల్ల తరగతిలో మాట్లాడకపోతే అందరం ఒకటే అనుకుంటాం, ఇక్కడి భాష రాదని, లేదా బెరుకని. చాలాసార్లు అదే నిజం. కానీ కొన్నిసార్లు చెవి సరిగ్గా వినబడకపోవచ్చు, బోర్డు మీది అక్షరాలు మసకగా కనబడవచ్చు, పొద్దున ఏమీ తినకుండా వచ్చి ఉండవచ్చు, పాత ఊరి స్నేహితుల మీద బెంగ పెట్టుకుని ఉండవచ్చు. పాత బడిలో ఆ సంగతి తెలిసిన టీచరు వేరే రాష్ట్రంలో ఉండిపోతారు. అందుకని ప్రతి బడిలోనూ గమనించే కళ్ళు ఉండాలి. తరగతి టీచరు, ఆటల మాస్టారు, బాలవాటికలో ఆయమ్మ, బస్సు డ్రైవరు, అందరివీ.

మీరు చేయగలిగింది కూడా ఉంది. బదిలీ అయినప్పుడు టీసీ, మార్కుల కార్డులతో పాటు ఆరోగ్య కార్డు కూడా జాగ్రత్తగా తీసుకెళ్ళండి. కొత్త టీచరుకు చూపించండి. వినబడకపోయినా, కనబడకపోయినా, మనసు బాగాలేకపోయినా సిగ్గుపడకుండా చెప్పండి. మీ పక్క బెంచీలో కొత్తగా వచ్చి మౌనంగా కూర్చున్న పిల్లనో పిల్లవాణ్ణో చూస్తే, తిన్నావా అని ఒక్క మాట అడగండి.