బార్‌ వైపు కాదు.. ఫోన్‌ వైపు నడిచారు

మద్యం మానాలనుకునేవారికి ఓసారి ‘మీటింగ్‌’కి వెళ్లి చూడమని డాక్టర్లు సలహా ఇస్తుంటారు. వెంటనే మనసులో బోలెడు సందేహాలు. అక్కడ ఎవరుంటారు? తెలిసినవాళ్లు కనిపిస్తే పరువేం కాను? మాటలతో తాగుడు మానిపోతుందా? మీకో, మీ ఇంట్లోవారికో ఇలాంటి జంకు ఉంటే ఈ మీటింగ్‌లకు మూలపురుషుడైన బిల్‌ విల్సన్‌ కథ తెలుసుకోవాల్సిందే.

విల్సన్‌ 1895లో అమెరికాలోని వెర్మాంట్‌ రాష్ట్రం, ఈస్ట్‌ డోర్సెట్‌లో పుట్టారు. చిన్నప్పుడే తల్లిదండ్రులు విడిపోవటంతో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగారు. నలుగురిలోకి వెళ్లాలంటే బిడియం. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో సైన్యంలో యువ అధికారిగా ఉండగా విందుల్లో మద్యం రుచి చూశారు. బిడియం పోయినట్టు అనిపించింది. చాలామందికి మద్యం ఇలాగే దగ్గరవుతుంది. ముందు సాయం చేస్తున్నట్టే ఉంటుంది.

యుద్ధం తర్వాత న్యూయార్క్‌ షేర్‌ మార్కెట్‌లో బాగానే సంపాదించారు. 1929లో మార్కెట్‌ కుప్పకూలింది. అప్పటికే ముదిరిన తాగుడు ఇంకా పెరిగింది. భార్య లోయిస్‌ డిపార్ట్‌మెంట్‌ స్టోర్‌లో పనిచేస్తూ ఇల్లు నెట్టుకొచ్చారు. ఆయన న్యూయార్క్‌లోని టౌన్స్‌ ఆసుపత్రిలో మళ్లీ మళ్లీ చేరటం, బయటికొచ్చి మళ్లీ తాగటం మామూలైపోయింది. అక్కడి వైద్యుడు విలియం సిల్క్‌వర్త్‌ మాత్రం ఇది చెడు గుణం కాదు, జబ్బు అని ఆయనకు వివరించారు. తాగుబోతు అంటే నీతి లేనివాడని లోకం తేల్చేస్తున్న కాలమది. 1934 డిసెంబరులో నాలుగోసారి ఆసుపత్రిలో చేరిన విల్సన్‌, ఆ తర్వాత ఇక మద్యం ముట్టలేదు.

అప్పటికింకా మీటింగ్‌లు లేవు. విల్సన్‌ కనిపించిన తాగుబోతులందరినీ మార్చాలని ఆరు నెలలు తిరిగారు. ఒక్కరూ మానలేదు. కానీ ఆ ఆరు నెలలూ తాను తాగకుండా ఉన్నారు. ఇతరులకు చేయబోయిన సాయం తననే కాపాడుతోందన్నమాట.

ఆ సంగతి 1935 మేలో బాగా బోధపడింది. వ్యాపారం పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌ వెళ్తే పని చెడింది. చేతిలో డబ్బు లేదు, ఊళ్లో తెలిసినవారు లేరు. మేఫ్లవర్‌ హోటల్‌ లాబీలో ఒకవైపు బార్‌, మరోవైపు ఫోన్‌. ఆయన ఫోన్‌ అందుకున్నారు. చర్చి పెద్దల ద్వారా వాకబు చేసి, తాగుడుతో బాధపడుతున్న మరో మనిషి ఎవరైనా ఉన్నారా అని వెతికారు. అలా దొరికిన వ్యక్తి డాక్టర్‌ బాబ్‌ స్మిత్‌. పేరున్న సర్జన్‌, తాగుడు మానలేక కుంగిపోతున్నారు. పదిహేను నిమిషాలు చాలనుకుని కూర్చున్న డాక్టర్‌, గంటల తరబడి మాట్లాడుతూ ఉండిపోయారు. ఎదుటి మనిషి నీతులు చెప్పటం లేదు, తన కథే చెబుతున్నాడు మరి!

డాక్టర్‌ బాబ్‌ తర్వాత ఒకసారి తడబడి మళ్లీ తాగారు. అయినా విల్సన్‌ ఆయన్ను వదల్లేదు. బాబ్‌ చివరిసారి మద్యం తీసుకున్న 1935 జూన్‌ 10నే ఆల్కహాలిక్స్‌ అనానిమస్‌ (ఏఏ) పుట్టినరోజుగా లెక్కిస్తారు. ఒకసారి జారితే అంతా అయిపోయినట్టు కాదని మీరూ గుర్తుంచుకోండి.

1939లో ఏఏ పుస్తకం వచ్చింది. 12 మెట్ల పద్ధతి అందులోదే. 1951లో లోయిస్‌ కుటుంబ సభ్యుల కోసం అల్‌-అనాన్‌ బృందాలను ప్రారంభించటంలో ముందు నిలిచారు. విల్సన్‌ మాత్రం బయటివారికి ‘బిల్‌ డబ్ల్యూ’గానే ఉండిపోయారు. 1954లో యేల్‌ విశ్వవిద్యాలయం గౌరవ డిగ్రీ ఇస్తామన్నా వద్దన్నారు. అలాగని ఆయన జీవితం పూలబాట కాలేదు. మద్యం మానాక కూడా ఏళ్ల తరబడి కుంగుబాటుతో బాధపడ్డారు. సిగరెట్‌ను వదల్లేక ఊపిరితిత్తులు దెబ్బతిని, 1971 జనవరి 24న కన్నుమూశారు. అది వారి పెళ్లిరోజు. మద్యంతో పాటు మనసు, పొగ అలవాటు సంగతీ డాక్టర్‌తో చెప్పాలనటానికి ఆయన జీవితమే పాఠం.

మీరు వెళ్లాలనుకుంటే..

* ముందు డాక్టర్‌ను కలవండి. ఏళ్లుగా రోజూ ఎక్కువగా తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే వణుకు, ఫిట్స్‌, లేనివి కనిపించటం, అయోమయం తలెత్తొచ్చు. ఇవి ప్రాణాల మీదికీ తేవొచ్చు. మీటింగ్‌ చికిత్సకు తోడే గానీ బదులు కాదు.

* మానసిక వైద్య విభాగంలో, డీఅడిక్షన్‌ కేంద్రంలో అడిగితే దగ్గర్లోని మీటింగ్‌ వివరాలు చెబుతారు. వ్యసన విముక్తికి జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 14446, మానసిక సాయానికి టెలీమానస్‌ 14416 ఉన్నాయి.

* ఏఏలో ఫీజు లేదు. తాగుడు మానాలనే కోరిక ఉంటే చాలు. ఇంటిపేరు, ఉద్యోగం చెప్పక్కర్లేదు. మొదటిరోజు మాట్లాడకుండా వినొచ్చు.

* ‘ఓపెన్‌’ మీటింగ్‌కు ఎవరైనా రావొచ్చు. ‘క్లోజ్డ్‌’ మీటింగ్‌ తాగుడు సమస్య ఉన్నవారికే. తోడుగా ఎవరినైనా తీసుకెళ్లాలనుకుంటే ముందే కనుక్కోండి.

* ఒక బృందం నచ్చకపోతే మరోటి చూడండి. ఇంట్లోవారు అల్‌-అనాన్‌కు వెళ్లొచ్చు. తాగే వ్యక్తి ఒప్పుకొనే దాకా ఆగాల్సిన పని లేదు.

విల్సన్‌ ఊరుకాని ఊళ్లో ఒక్క మనిషి కోసం వెతకాల్సి వచ్చింది. మీకు ఆ అవసరం లేదు. ఇప్పుడు మీకోసం కుర్చీ వేసి ఎదురుచూసేవారున్నారు.