డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు – కణశక్తి

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతపు ఇండ్లలో ఒక ముదుసలి అప్పుడే భోంచేసి, అన్నం పెట్టలేదని అలిగితే, చాదస్తమని నవ్వుకొనడం మనకు అలవాటు. అది అన్నివేళలా చాదస్తం కాదు. 1906లో జర్మను వైద్యుడు ఆల్జైమర్ వివరించిన మెదడు వ్యాధి కావచ్చును. అందులో నాడీకణం ఎట్లు శక్తి కోల్పోతుందో తెలియాలంటే ముందుగా ఒక తెలుగువాని జీవితం తెలియాలి. తెలుగు పాఠాలు చెప్పుకొనే మేము ఈ శాస్త్ర విషయానికి పూనుకొన్నది అందుకే.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. (పరీక్ష తప్పి కుమిలే విద్యార్థులు ఈ మాట గమనింతురుగాక!) స్ప్రూ అనే పేగుల వ్యాధి సోదరులిద్దరిని కొద్ది దినాల తేడాతో బలిగొన్నది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురియైన ఆయనకు ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. 1922లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేస్తూ హార్వర్డులో చదివారు. భార్య శేషగిరిగారు స్వదేశంలోనే ఉండిపోయారు. ఆయన మరల తిరిగి రాలేదు.

హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ కొలతే దారి చూపగా 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కనుగొన్నారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా ఏ.టి.పి.ని వేరుగా కనుగొన్నాడు. కణం ఏ పని చేయాలన్నా చెల్లించే నాణెం ఈ ఏ.టి.పి.

ఆ నాణేలను అచ్చువేసే టంకశాలలు కణంలోని మైటోకాండ్రియాలు. ఆహారాన్ని దహించి శక్తిగా మార్చే పని అక్కడనే జరుగుతుందని 1948-49లో కెన్నెడీ, లెనింజర్ చూపారు. మెదడు శరీరపు బరువులో నూటికి 2 వంతులే అయినా, శక్తిలో సుమారు 20 వంతులు ఖర్చుచేస్తుంది. నాడీకణపు తంతువు బహుదీర్ఘం గనుక, మైటోకాండ్రియాలు దాని కొస వరకు ప్రయాణించాలి. ఆల్జైమర్ వ్యాధిలో పేరుకొనే అమిలాయిడ్, టావ్ అనే మాంసకృత్తులు ఆ ప్రయాణాన్ని అడ్డుకొంటాయి. ఏ.టి.పి. తగ్గుతుంది, హానికరమైన ఆక్సిజన్ రూపాలు పెరుగుతాయి, చెడిన మైటోకాండ్రియాలు తొలగింపబడక నిలిచిపోతాయి. కణాల నడుమ సందేశాలు సన్నగిల్లి, జ్ఞాపకం జారిపోతుంది. మొదటి దోషం మైటోకాండ్రియాలదా, మాంసకృత్తులదా అని శాస్త్రజ్ఞులలో వాదం ఉన్నది. ఒకటి రెండవదానిని మరింత చెరుస్తుందనుట మాకు సమంజసంగా తోచుచున్నది.

ఇంత కనుగొన్న వానికి హార్వర్డు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో ఆయన లెడర్లే ఔషధ సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయన నాయకత్వంలో పనిచేసినవారు ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. సోదరులను కబళించిన స్ప్రూకు అది మందైనది. 1948 ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూశారు.