డీసెల్ మహాశయుని చరిత్రము

వంశధార, నాగావళీ తీరములయందు దమ్ముల కాలమున ట్రాక్టరు చప్పుడు వినబడని గ్రామము నేడరుదు. ఆ యింజనునకు తన పేరొసగిన మహాశయుని చరిత్రమును మన సేద్యగాండ్ర కెరుకపరుప నుద్యమించితిమి.

రుడాల్ఫ్ డీసెల్ 1858 సం॥ మార్చి 18వ తేదీని పారిసు నగరమున జర్మను దంపతులకు జనించెను. 1870లో యుద్ధము రాగా నా కుటుంబము పరాసుదేశము వీడవలసివచ్చెను. బాలుడు ఆగ్స్‌బర్గున బంధువుల యింట నుండి చదివి, పిమ్మట మ్యూనికులో లిండే పండితునకు శిష్యుడయ్యెను.

ఆవిరియంత్రము తినిన బొగ్గులో పదవపాలు మాత్రమే పనిగా మారుట యాతనికి దుస్సహమయ్యెను. గాలిని మిక్కిలి యొత్తినచో నది కాగును; ఆ కాకకే తైలము నిప్పురవ్వ లేకయే యంటుకొనును. ఇదియే యాతడు పట్టుకొనిన సూక్ష్మము. 1893లో ప్రారంభించిన పరీక్షలు నాలుగేండ్లు సాగినవి. 1897లో తైలశక్తిలో నూటికి 26 పాళ్లు పనిగా మారెను. లోపమును దాచనేల? ఆ కాకయే గాలిలోని నత్రజనిని చెరచి విషవాయువు నొనర్చును. సరిగా కాలని తైలము మసియగును. అందుచేతనే మన దేశమున 2023 జనవరి నుండి 50 అశ్వశక్తులు మించిన క్రొత్త ట్రాక్టరులకు పొగవిషయమై కఠిననియమములు వచ్చినవి. మన రైతుల బండ్లు పెక్కు అంతకు లోపువే. పొగ పీల్చువారును వారే.

1900 పారిసు ప్రదర్శనమున నీ జాతి యింజనొకటి వేరుసెనగనూనెతో నడిచెను. విజయనగరపు మెట్టలలో నా పంట పండించువారికిది వింతగొలుపక మానదు.

ఇంతటివాడు కడపట ఋణములలో మునిగెను. 1913 సెప్టెంబరు 29వ తేది రాత్రి, ఆంట్వెర్పునుండి ఇంగ్లండునకు పోవు డ్రెస్డెన్ అను ఓడలో భుజించి తన గదికి పోయినవాడు తెల్లవారునప్పటికి కానరాడయ్యెను. కొలదిదినములకు సముద్రమున దొరికిన శవముమీది వస్తువులను బట్టి కుమారుడు తండ్రిని గుర్తించెను. దూకెనో, జారెనో నేటికిని తేలలేదు.