మహ్‌లఖాబాయి చందా

కళను నేర్చి కీర్తి గడించినవారు పెక్కురు కలరు. ఆ కళవలన లభించిన భాగ్యమును పరులకొఱకు వెచ్చించి, తమ రచనను సైతము కానుకగా నొసంగినవారు కొందఱే. హైదరాబాదు కవయిత్రి మహ్‌లఖాబాయి అట్టివారిలో ఒకరు.

ఆమె 1768లో జన్మించెను. తల్లి పేరు రాజ్ కున్వర్. తల్లిదండ్రులు పెట్టిన పేరు చందా. బంధువైన మహతాబ్ మా ఆమెను పెంచుకొనెను. అందుచే నిజాము ప్రధానమంత్రి రుక్నుద్దౌలా గృహమున ఆమె బాల్యము గడచెను. అచ్చటి గ్రంథములు ఆమెకు విద్యాభిక్ష పెట్టినవి. తాన్‌సేన్ వంశీయుడగు ఖుషాల్ ఖాన్ సంగీతము నేర్పెను. గుఱ్ఱపుస్వారియు, విలువిద్యయు ఆమె అభ్యసించెను. పురుషవేషము ధరించి నిజాము అలీఖానుతో దండయాత్రలకు సైతము వెడలెను. ఆయన ఆమెకు జాగీరులును, చంద్రముఖి యను అర్థముగల మహ్‌లఖా యను బిరుదమును ప్రసాదించెను.

నర్తకి పాటకు తల యూపు సభ ఆమెను కవిగా గణించుట ఆ కాలమున అరుదు. పాట ముగిసినతోడనే ఆమె మాటయు మాసిపోవుచుండెను. చందా దానికి లోబడలేదు. ఉర్దూలో గజళ్ళు రచించి, 1798లో 125 గజళ్ళను ఒక దీవానుగా కూర్చెను. దీవానన కవితాసంపుటము. ఉర్దూలో దీవాను కూర్చిన తొలి స్త్రీలలో ఆమెయు ఒకరు.

1799 మే నెలలో శ్రీరంగపట్టణము పడిపోయెను. ఆ యుద్ధమున నిజాము సైన్యమునకు మీర్ ఆలం నాయకత్వము వహింపగా, ఆంగ్ల సేనాని మాల్కం ఆ సైన్యముతో నుండెను. ఆ యేడు అక్టోబరు 18వ తేదీన హైదరాబాదులో మీర్ ఆలం భవనమున నృత్యసభ జరిగెను. మాల్కం అందు అతిథి, చందా ప్రధాననర్తకి. గొప్పవారికి నజరానా సమర్పించుట నాటి ఆచారము. నాణెములో, ఆభరణములో ఇచ్చుట వాడుక. చందా మాత్రము నృత్యము జరుగుచుండగనే తన దీవాను వ్రాతప్రతిని మాల్కమునకు కానుకగా నిచ్చెను. సభ చూడవచ్చినది నర్తకిని. అతిథి చేతికి వచ్చినది కవయిత్రి గ్రంథము. ఆ ప్రతి సముద్రములు దాటి, నేడు లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున భద్రముగా నున్నది.

ఆమె దాతృత్వము సభలకే పరిమితము కాలేదు. మౌలాలీ కొండ చెంత 1792లో తల్లికి సమాధి కట్టించెను. ఆ ఆవరణమున మసీదు, ఆషూర్‌ఖానా, బాటసారులకు సత్రము, మెట్లబావి వెలసినవి. దారినపోవువానికి నీడ దొరకెను. దప్పిగొన్నవానికి నీరు దొరకెను. చరిత్రకారులను పోషించి గ్రంథములు వ్రాయించెను. బాలికలకు సంగీతనృత్యములు నేర్పించెను. తన యాస్తి నిరాశ్రయులైన స్త్రీలకు చెందునట్లు ఏర్పాటు చేసెనని ప్రసిద్ధి.

1824లో ఆమె మరణించెను. తల్లి ప్రక్కనే ఆమెను సమాధి చేసిరి. ఆ కట్టడములు కాలక్రమమున శిథిలములు కాగా, 2010 ప్రాంతమున వానిని బాగుచేసిరి. ఆమె జాగీరులలో నొకటియగు అడిక్‌మెట్ ప్రాంతమున నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయము కలదు. విద్యకు నోచుకొన్న ఒక స్త్రీ యేలిన నేలపై నేడు వేలకొలది యువతులు చదువుకొనుచున్నారు.