అన్న కోసం క్లినిక్ మూసిన పళ్ళ డాక్టరమ్మ

ఫాతిమా జిన్నా అనగానే పాకిస్తాన్‌ను స్థాపించిన మహమ్మదలీ జిన్నా చెల్లెలిగానే చాలామందికి గుర్తు. పాత ఫోటోల్లో అన్నగారి పక్కన సన్నగా, గంభీరంగా నిలబడి కనిపిస్తారు. ఆవిడ పళ్ళ డాక్టరనీ, బొంబాయిలో సొంత క్లినిక్ నడిపారనీ తెలిసినవాళ్ళు తక్కువ.

1893 జూలైలో కరాచీలో పుట్టారు. పసితనంలోనే తల్లి పోయింది. ఎనిమిది, తొమ్మిదేళ్ళ వయసులో తండ్రీ పోయారు. ఆమె కంటే దాదాపు పదిహేడేళ్ళు పెద్దవాడైన అన్న అప్పటికే బొంబాయిలో బారిస్టరు. చెల్లెల్ని తన దగ్గరకు తెచ్చుకుని 1902లో బాంద్రా కాన్వెంటులో వేశారు. ఆడపిల్లను కాన్వెంటులో, అదీ బోర్డింగులో ఉంచి చదివించడమేమిటని బంధువులు గొణిగారు. ఆయన పట్టించుకుంటేగా!

1918లో జిన్నా, రతన్‌బాయిని పెళ్ళి చేసుకున్నారు. అన్న ఇంట్లో కొత్త సంసారం మొదలైంది. ఫాతిమాకి అప్పటికి పాతికేళ్ళు. ఆ వయసు ఆడపిల్ల గురించి ఆ రోజుల్లో ఇంటా బయటా నడిచే మాట ఒక్కటే, పెళ్ళి. ఆమె మాత్రం కలకత్తా వెళ్ళి డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ పెట్టిన దంత వైద్య కళాశాలలో చేరారు. మన దేశంలో ఆ చదువు చెప్పిన మొదటి కళాశాల అదే. హాస్టల్లో ఉండి చదువుకున్నారు.

తిరిగొచ్చి 1923లో బొంబాయి అబ్దుల్ రెహమాన్ వీధిలో క్లినిక్ తెరిచారు. పళ్ళ నొప్పి వస్తే లవంగం నొక్కిపెట్టి సరిపెట్టుకునే కాలంలో, ఒక ఆడది బోర్డు కట్టి కూర్చుంటే జనం నమ్మి రావాలంటే ఎంత ఓపిక ఉండాలి! సాయంత్రాలు ధోబీ తలావ్‌లోని మునిసిపల్ క్లినిక్‌కు వెళ్ళి పేదవాళ్ళకు ఉచితంగా వైద్యం చేసేవారు. తన సంపాదన, తన పని. ఆరేళ్ళు అలా గడిచాయి.

1929 ఫిబ్రవరి 20న రతన్‌బాయి చనిపోయారు. సరిగ్గా ఆమె ఇరవైతొమ్మిదో పుట్టినరోజున. కూతురు దీనాకు తొమ్మిదేళ్ళు. అన్న ఒంటరివాడైపోయారు. ఫాతిమా క్లినిక్ మూసేసి, మలబార్ హిల్‌లోని అన్న ఇంటికి వచ్చి ఇంటి బాధ్యత నెత్తిన వేసుకున్నారు. వయసు ముప్ఫై అయిదు. మళ్ళీ ఆ వృత్తి ముట్టుకోలేదు. పెళ్ళీ చేసుకోలేదు.

ఇది త్యాగమా, ఆ కాలపు అలవాటా అంటే చెప్పడం కష్టం. ఇంట్లో ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందు ఆగిపోయేది ఆడవాళ్ళ ఉద్యోగమే కదా, అది బొంబాయి అయినా బెజవాడ అయినా.

తర్వాత పంతొమ్మిదేళ్ళు ఆమె అన్న నీడ. 1930ల మొదట్లో ఆయన లండన్‌లో కాపురం పెడితే ఆమే ఇల్లు నడిపారు. 1934లో తిరిగొచ్చాక ముస్లిం లీగ్ సభల్లో పక్కనే కూర్చున్నారు. దేశ విభజన మాటెత్తితే మనకు మనసు చివుక్కుమంటుంది. అందులో ఎవరి వాటా ఎంతో చరిత్రకారులు తేల్చనీండి.

జిన్నాకు ఊపిరితిత్తుల జబ్బు. లోకానికి తెలియకుండా దాచారు. 1948 వేసవిలో జియారత్ కొండల మీద ఆయన్ను కనిపెట్టుకుని ఉన్నది ఫాతిమాయే. సెప్టెంబర్ 11న విమానంలో కరాచీకి తెచ్చారు. విమానాశ్రయం నుంచి ఇంటికి తీసుకెళ్తున్న అంబులెన్సు దారిలో ఆగిపోయింది. దేశాధినేత స్ట్రెచర్ మీద, చుట్టూ ఈగలు. ఇంకో బండి వచ్చేదాకా గంటకు పైగా ఆ ఉక్కపోతలో నర్సూ, చెల్లెలూ ఆయనకు విసురుతూ కూర్చున్నారు. ఆ రాత్రే జిన్నా కన్నుమూశారు.

అన్న పోయాక చెల్లెలి కథ అయిపోయిందనుకున్నవాళ్ళు పొరబడ్డారు. పాలకులకు ఆమె పేరు కావాలి గానీ ఆమె మాటలు అక్కర్లేదు. 1951లో జిన్నా వర్ధంతి రోజు రేడియోలో మాట్లాడుతూ ప్రభుత్వాన్ని విమర్శించేసరికి ప్రసారం మధ్యలో ఆగింది. సాంకేతిక లోపమని సర్దిచెప్పారు!

1964లో ప్రతిపక్షాలన్నీ కలిసి, సైనిక పాలకుడు అయూబ్ ఖాన్ మీద అధ్యక్ష పదవికి నిలబడమన్నాయి. వయసు డెబ్భై ఒకటి. సరేనన్నారు. ఆయన గుర్తు గులాబీ, ఆవిడది లాంతరు. ఆడది దేశాన్నేలడమా అని అవతలివాళ్ళు మతాన్ని అడ్డం తెచ్చారు. తమాషా ఏమిటంటే, మామూలుగా ఆడవాళ్ళ ఏలుబడిని ఒప్పుకోని జమాతే ఇస్లామీయే ఈసారి ఆమె వెనక నిలిచింది. ఢాకా నుంచి చిట్టగాంగ్ వెళ్ళిన రైలును జనం ప్రతి స్టేషన్లో గొలుసు లాగి ఆపేశారు. 22 గంటలు ఆలస్యంగా చేరింది.

1965 జనవరి 2న పోలింగ్. ఓటు ఆ జనానికి లేదు, 80 వేల మంది ప్రతినిధులకే ఉంది. ఆమెకు వచ్చింది దాదాపు 36 శాతం. అయినా కరాచీలో, ఢాకాలో నెగ్గింది ఆవిడే.

1967 జూలై 9న కరాచీలో మరణించారు. అన్న సమాధి ఆవరణలోనే ఆమెనూ ఖననం చేశారు. అన్న మీద రాస్తూ సగంలో వదిలిన పుస్తకం 1987లో అచ్చయింది. కరాచీలో ఒక దంత వైద్య కళాశాలకు ఆమె పేరుంది.