ఘంటసాలకు జాతీయ అవార్డు ఎందుకు రాలేదు?

హార్డ్ రాక్, మెటల్ పాటలకు గ్రామీ వాళ్లు విడిగా అవార్డు పెట్టింది 1989లో. అప్పటికి గిటార్ స్టార్ జిమీ హెండ్రిక్స్ చనిపోయి 18 ఏళ్లు దాటింది. మన సినిమా పాటకూ ఇలాంటి ఆలస్యమే జరిగింది.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబర్ 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. సంగీతం కోసం మన పక్కనే ఉన్న విజయనగరం వచ్చారు. మధూకరం ఎత్తుకుని తింటూ, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర నేర్చుకున్నారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకూ వెళ్లారు.

1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్.. సంగీత దర్శకుడు ఆయనే, హీరో పాటల గొంతూ ఆయనదే. కానీ జాతీయ సినిమా అవార్డుల్లో అప్పటికి గాయకులకు, సంగీత దర్శకులకు విభాగాలే లేవు. 1967 సినిమాల నుంచే అవి మొదలయ్యాయి. ఆ తర్వాత కూడా ఆయనకు రాలేదు. 1970లో పద్మశ్రీ ఇచ్చారు.

1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే కన్నుమూశారు. తెలుగు పాటకు ఉత్తమ గాయకుడి జాతీయ అవార్డు దక్కింది 1980లో వచ్చిన శంకరాభరణంతోనే. అందుకున్నది ఎస్పీ బాలు.

యారాడలో ఉన్నా, అమెరికాలో ఉన్నా భగవద్గీత అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది ఘంటసాల గొంతే. ఆ అవార్డుల లిస్టులో మాత్రం ఆయన పేరు కనిపించదు.